కడుపులోని కదురులు

కాకినాడకు ఉత్తరంగా, సముద్రపుటొడ్డున ఉన్న ఉప్పాడ జాందానీ చీరలకు పేరుపొందిన ఊరు. అక్కడి నేత ఇండ్లలో ఆడవారు రాట్నం ముందు కూర్చుండి కండెలు చుట్టే దృశ్యం తెలిసినదే. రాట్నానికి అమర్చిన కదురు తిరుగుతూ ఉంటే దారం దానిమీది కండెకు చుట్టుకుంటుంది. దారం నిండినకొద్దీ నడుమ లావుగా ఉబ్బి, రెండు కొనలూ సన్నగా మిగులుతవి.

1880లో పోలెండు దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు ఆడమ్ ప్రాజ్మోవ్‌స్కీకి సూక్ష్మదర్శినిలో ఒక జాతి బాక్టీరియా ఇటువంటి ఆకారంలోనే కనిపించింది. గ్రీకు భాషలో కదురును ‘క్లోస్టర్’ అంటారు. ‘చిన్న కదురు’ అనే అర్థం వచ్చేటట్లు ఆయన వాటికి ‘క్లోస్ట్రీడియం’ అని పేరు పెట్టాడు. వీటిని ఒకదాని కొన ఒకటి తాకేటట్లు పేర్చుకుంటూ పోతే, ఒక్క మిల్లీమీటరు పొడవుకు సుమారు 200 పట్టవచ్చును.

ఈ జీవికి ఆ ఉబ్బు ఎందుకు వస్తుంది? ఆహారం తరిగిపోయి కష్టకాలం రాగానే అది తన సారాన్నంతా ఒకచోటికి చేర్చి, దళసరి పొరలు కప్పి, ఒక సిద్ధబీజాన్ని తయారు చేసుకుంటుంది. కణం మధ్యనో, ఒక కొననో ఆ సిద్ధబీజం పొట్టలాగా ఉబ్బి కనిపిస్తుంది. తరువాత కణం నశించినా సిద్ధబీజం మిగులుతుంది. ఎండకు ఎండినా, మట్టిలో ఏండ్ల తరబడి పడి ఉన్నా అది చావదు. కొన్ని జాతుల సిద్ధబీజాలు మరుగుతున్న నీటిలో సైతం గంటల కొలది నిలువగలవు. డబ్బాలలో ఆహారం నింపే కర్మాగారాలలో 100 డిగ్రీల వేడి చాలదని, ఆవిరి ఒత్తిడి పెంచి 121 డిగ్రీల దాకా కాచడం ఈ మొండి బీజాల కోసమే.

వీటికి మరొక లక్షణం ఉన్నది. మనకు ప్రాణాధారమైన ఆమ్లజని వీటికి విషం. ఆమ్లజని లేకుండా బతికే జీవి ఉన్నదని అంతకు ముందు ఎవరూ అనుకోలేదు. 1861లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ చక్కెర నుండి బ్యుటిరిక్ ఆమ్లం పుట్టే విధానాన్ని పరిశీలిస్తూ, ఆ పని చేసే సూక్ష్మజీవులు గాలి తగిలిన వెంటనే కదలిక మానివేయడం చూచాడు. పాతబడి కంపు కొట్టే వెన్నలో ఉండేది ఈ బ్యుటిరిక్ ఆమ్లమే. దాని పేరు కూడా వెన్న అనే మాట నుండి వచ్చినదే.

ఆ వాసన పల్లెలో పెరిగినవారికి కొత్తది కాదు. జనుము కట్టలను నీటి గుంటలో ముంచి, బరువులు పెట్టి కొన్నాళ్ళు ఊరవేస్తే నార తనంతట తాను పుల్ల నుండి విడిపోతుంది. ఊరవేసిన గుంట పక్కనుండి పోయేవారు ముక్కు మూసుకోవలసిందే. నీటి అడుగున గాలి ఆడనిచోట క్లోస్ట్రీడియం జాతులు, ఇతర సూక్ష్మజీవులు చేరి, నారను పుల్లకు అంటించి ఉంచే పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని తినివేస్తవి. పీచు మాత్రం మిగులుతుంది. నైలాను రాకమునుపు మన తీరాల్లో వలలకు నూలుతోపాటు జనపనార కూడా వాడేవారు. ఆ విధంగా మత్స్యకారుల వలలో ఈ సూక్ష్మజీవుల పని కొంత ఉండేది. జనుము గుంటలో జరిగే ఈ పని మనిషి పెద్ద ప్రేగులోనూ జరుగుతుంది. ఆ సంగతి చెప్పుకొనే ముందు ఈ వంశానికి వచ్చిన చెడ్డపేరును గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు.

ఆ చెడ్డపేరు ఊరక రాలేదు. ధనుర్వాతాన్ని కలిగించేది క్లోస్ట్రీడియం టెటాని. 1889లో జపాను శాస్త్రజ్ఞుడు కిటసాటో దీనిని శుద్ధంగా వేరుచేశాడు. పశువుల పేడలో, మట్టిలో దీని సిద్ధబీజాలు ఉంటవి. బొడ్డుతాడును శుభ్రత లేని కత్తితో కోసినప్పుడు పురిటి బిడ్డలకు సోకేది. తల్లులకు టీకాలు వేయడం, కాన్పులు ఆస్పత్రులలో జరగడం వ్యాపించిన మీదట 2015లో, తల్లులకూ పసికందులకూ వచ్చే ధనుర్వాతాన్ని ప్రజారోగ్య సమస్యగా భారతదేశం నిర్మూలించినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచింది. నిల్వ ఆహారంలో ఘోర విషాన్ని పుట్టించే క్లోస్ట్రీడియం బొట్యులినం, యుద్ధరంగంలో గాయాలను కుళ్ళబెట్టే క్లోస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ కూడా ఈ వంశంలోనివే. ఈ చివరిది పెండ్లి వంటలలోనూ ప్రత్యక్షమవుతుంది. పెద్ద గుండిగలోని మాంసపు కూర పొయ్యి దించిన తరువాత గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోతే, వేడికి చావక మిగిలిన సిద్ధబీజాలు మొలకెత్తి, దాదాపు పది నిమిషాలకొకసారి రెట్టింపవుతవి.

పాఠ్యపుస్తకాలలో క్లోస్ట్రీడియం ప్రసక్తి సాధారణంగా ఇక్కడితో ముగుస్తుంది. నిజానికి అసలు కథ ఇక్కడనే మొదలు కావాలి. రోగాన్ని కలిగించే జాతులు ఈ వంశంలో కొద్దిమాత్రమే. అన్నీ ఒకే తానులోని గుడ్డలు కావు.

మన దేహంలోని బాక్టీరియా సంఖ్య సుమారు 38 లక్షల కోట్లని 2016లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. అన్నీ కలిపి తూచితే 200 గ్రాములకు మించవు. వాటిలో అత్యధిక భాగం పెద్ద ప్రేగులో ఉంటవి. అక్కడ వెలుతురు లేదు, ఆమ్లజని లేదు. జనుము గుంట అడుగున ఎట్లున్నదో అట్లే ఉంటుంది. అందువల్ల క్లోస్ట్రీడియం వంశానికి అది పుట్టినిల్లు వంటిది. జన్యుపదార్థపు పోలికలను బట్టి 1994లో ఈ వంశాన్ని అనేక గుంపులుగా విభజించారు. వాటిలో నాలుగవ గుంపు, పద్నాలుగు-ఎ గుంపు ఆరోగ్యవంతుల పెద్ద ప్రేగులో సమృద్ధిగా నివసించేవి. తరువాతి కాలంలో వీటిలో చాలా జాతులకు కొత్త ఇంటిపేర్లు పెట్టారు. విద్యార్థులకు ఈ పేర్ల మార్పు విసుగు పుట్టించవచ్చును గాని, పని మాత్రం పాతదే.

ఆ పని ఏమిటి? మనం తిన్న అన్నంలోని పిండిపదార్థం, పప్పులోని మాంసకృత్తులు చాలవరకు చిన్న ప్రేగులోనే జీర్ణమై రక్తంలో కలుస్తవి. కూరగాయల పీచు, పెక్టిన్, జీర్ణానికి లొంగని కొంత పిండి మాత్రం యథాతథంగా పెద్ద ప్రేగుకు చేరుతవి. వీటిని ఛేదించే ఎంజైములు మనిషి దేహంలో లేవు. పెద్ద ప్రేగులోని సూక్ష్మజీవులకు ఉన్నవి. అవి ఈ మిగులు సరుకును పులియబెట్టి ఎసిటిక్, ప్రొపియానిక్, బ్యుటిరిక్ ఆమ్లాలుగా మారుస్తవి. మూడింటిలో ఎసిటిక్ ఆమ్లమే ఎక్కువ. బ్యుటిరిక్ ఆమ్లం ఇంచుమించు అయిదో వంతు. దానిని తయారుచేయడంలో క్లోస్ట్రీడియం బంధువులది పెద్ద చేయి. పాశ్చర్ గాజుపాత్రలో చూచిన ఆమ్లమే ఇక్కడ కడుపులో పుడుతున్నది.

ఈ ఆమ్లం వ్యర్థపదార్థం కాదు. దేహంలోని కణాలలో ఎక్కువ భాగం రక్తం తెచ్చే చక్కెర మీద బతుకుతవి. పెద్ద ప్రేగు లోపలి పొరలోని కణాలు మాత్రం తమ ఎదుటనే తయారయ్యే బ్యుటిరిక్ ఆమ్లాన్నే ప్రధాన ఇంధనంగా వాడుకుంటవని 1980లో రోడిగర్ అనే వైద్యుడు చూపించాడు. వాటి శక్తిలో నూటికి 60-70 వంతులు దీనినుండే వస్తుంది. ఏ సూక్ష్మజీవీ సోకకుండా పెంచిన ఎలుకలను 2011లో పరీక్షించగా, వాటి పెద్ద ప్రేగు కణాలు ఆకలితో తమ లోపలి భాగాలను తామే తింటున్నట్లు కనిపించింది. బ్యుటిరిక్ ఆమ్లం అందించగానే ఆ స్థితి తొలగింది.

ఇందులో మరొక చమత్కారం ఉన్నది. బ్యుటిరిక్ ఆమ్లాన్ని మండించడానికి ప్రేగు కణాలకు ఆమ్లజని కావాలి. రక్తం తెచ్చిన ఆమ్లజనిని అవి ఆ పనికే ఖర్చు చేయడంవల్ల, అది ప్రేగు లోపలికి కారి పోదు. లోపల ఆమ్లజని లేదు కాబట్టి క్లోస్ట్రీడియం జాతులు సుఖంగా ఉంటవి, మరింత ఆమ్లాన్ని తయారు చేస్తవి. అతిథి వంట చేసిపెడితే ఇంటివాడు తలుపులు బిగించి గాలి రాకుండా కాపాడుతున్నాడన్నమాట. ఈ చక్రం ఎక్కడైనా తెగితే లోపలికి ఆమ్లజని ప్రవేశిస్తుంది. ఆమ్లజనిని ఓర్చుకోగల ఇతర సూక్ష్మజీవులు, వాటిలో విరేచనాలు కలిగించేవి కూడా, పైచేయి సాధిస్తవి.

రోగనిరోధక శక్తికీ వీటికీ సంబంధం ఉన్నది. ప్రేగు గోడలో కాపలా కాసే తెల్లకణాలు ప్రతి కొత్త పదార్థం మీదకీ యుద్ధానికి లేస్తే ప్రేగు పుండవుతుంది. వాటిని శాంతింపజేసే మరొక రకం తెల్లకణాలు ఉన్నవి. పైన చెప్పిన రెండు గుంపుల క్లోస్ట్రీడియం జాతులు ఎలుకల పెద్ద ప్రేగులో ఈ శాంతికణాల సంఖ్యను పెంచుతవని 2011లో జపానులో కెన్యా హోండా బృందం కనుగొన్నది. 2013లో అదే బృందం మనిషి మలం నుండి అదే శక్తిగల 17 రకాలను ఏరి తీసింది. అదే సంవత్సరం, ఈ ప్రభావానికి ప్రధాన కారణాలలో బ్యుటిరిక్ ఆమ్లం ఒకటని తేలింది. ప్రేగులు పుండ్లుపడే క్రోన్ వ్యాధి గలవారిలో నాలుగవ గుంపుకు చెందిన ఒక ముఖ్యజాతి తక్కువగా ఉంటుందని 2008లో ఫ్రాన్సులో గుర్తించారు. తక్కువ కావడం వల్ల వ్యాధి వచ్చిందా, వ్యాధి వల్ల తక్కువైనదా అన్న ప్రశ్నను మాత్రం ఇటువంటి పరిశీలన ఒక్కటే తేల్చలేదు.

ఈ జీవులకు మేత మన భోజనం నుండే రావాలి. గోదావరి సీమలో దానికి కొదువ లేదు. తేగలు, కంద, పెండలం, పచ్చి అరటికాయ, పనసపొట్టు, మునగకాడలు, గోంగూర, జామకాయ అన్నీ పెద్ద ప్రేగుకు చేరే పీచునో, పెక్టిన్‌నో, మొండి పిండినో మోసుకుపోయేవే. చద్దన్నం సంగతి ప్రత్యేకంగా చెప్పుకోదగినది. వేడి అన్నంలో విచ్చుకొని ఉన్న పిండి అణువులలో కొన్ని చల్లారినప్పుడు తిరిగి దగ్గరగా పేర్చుకొని గట్టిపడుతవి. ఆ భాగం చిన్న ప్రేగులో జీర్ణం కాక పెద్ద ప్రేగు దాకా పోతుంది. తరవాణిలో ఊరిన అన్నంలో పులుపును పుట్టించేవి లాక్టిక్ బాక్టీరియా. అవి వేరే వంశం. కాని లాక్టిక్ ఆమ్లాన్ని తీసుకొని బ్యుటిరిక్ ఆమ్లంగా మార్చగల క్లోస్ట్రీడియం బంధువులు పెద్ద ప్రేగులో ఉన్నవి. తెల్లగా పాలిషు పట్టిన బియ్యపు వేడి అన్నం, పైన ఇంత చారు – ఇదే మూడు పూటలా తింటే ఆ జీవులకు మిగిలేది బహుస్వల్పం.

మేత తగ్గితే ఇవి క్రమంగా పలచబడుతవి. మందు పడితే ఒక్కసారిగా పోతవి. ఈ కథకు గోదావరి సీమతో సన్నిహిత సంబంధం ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులను సంగ్రహణి వ్యాధి బలి తీసుకున్నది. ఆయనకూ అది సోకగా ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతిగారు నయం చేశారు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు సారథ్యం వహిస్తూ ఆయన బృందం 1945లో సంగ్రహణి రోగులకు ఉపయోగపడే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ ప్రయోగశాలలోనే బెంజమిన్ డగ్గర్ మిస్సోరి మట్టి నుండి తీసిన ఒక సూక్ష్మజీవి ద్వారా బంగారు వన్నెగల ఆరియోమైసిన్ అనే మందు లభించింది. టెట్రాసైక్లిన్ వర్గపు మందులలో ఇదే మొదటిది. 1948లో లోకానికి తెలిసింది. ఆ సంవత్సరం ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. ఉష్ణదేశపు సంగ్రహణికి ఫోలిక్ ఆమ్లాన్ని, టెట్రాసైక్లిన్‌ను కలిపి ఇవ్వడం తరువాత వైద్యంలో స్థిరపడింది. సోదరులను తీసుకుపోయిన వ్యాధికి మందు రెండు వైపులా ఆయన ప్రయోగశాల గుమ్మం నుండే వచ్చింది.

అనేక రకాల బాక్టీరియాను ఒక్కసారిగా అణచగల ఇటువంటి ఆంటీబయాటిక్ మందులు లక్షలాది ప్రాణాలు కాపాడినవి. కాని వాటికి పగవాడెవరో, పనివాడెవరో తెలియదు. 1950 తరువాతి దశకంలోనే, ఈ మందులు వాడిన కొందరికి పెద్ద ప్రేగులో పొరలు కట్టి భయంకరమైన విరేచనాలు పట్టుకోవడం వైద్యులు చూచారు. అప్పట్లో నేరం వేరొక సూక్ష్మజీవి మీద మోపారు. 1974లో అమెరికాలో క్లిండమైసిన్ అనే మందు పుచ్చుకున్న 200 మంది రోగులను పరిశీలించగా పదింట ఒకరికి ఈ పొర కట్టే జబ్బు కనిపించింది. 1978లో అసలు దోషి దొరికింది. అది క్లోస్ట్రీడియం డిఫిసిల్. 1935లోనే ఆరోగ్యవంతులైన పసిబిడ్డల మలంలో దానిని గుర్తించి, పెంచడం కష్టమైనందున ఆ పేరు పెట్టారు. 2016 నుండి దానికి క్లోస్ట్రీడియాయిడిస్ అని ఇంటిపేరు మారింది.

తోటి జాతులున్నంతకాలం ఇది ఎందుకు తలెత్తదు? కాలేయం తయారుచేసే పైత్యరసంలోని ఆమ్లాలు కొవ్వును కరిగించే పని ముగిసిన తరువాత, చాలవరకు తిరిగి కాలేయానికే పోతవి. కొద్ది భాగం పెద్ద ప్రేగుకు జారుతుంది. అక్కడ క్లోస్ట్రీడియం సిండెన్స్ వంటి జాతులు ఆ ఆమ్లాల అణువులో ఒక ముక్కను తొలగించి వేరు ఆమ్లాలుగా మారుస్తవి. మార్పు పొందని ఆమ్లాలు డిఫిసిల్ సిద్ధబీజాలను నిద్ర లేపుతవి. మార్పు పొందినవి దాని పెరుగుదలను అణచుతవి. మందు దెబ్బకు సిండెన్స్ వంటివి నశిస్తే, లేపేవి మిగులుతవి, అణచేవి ఉండవు. సిండెన్స్‌ను తిరిగి ఇచ్చిన ఎలుకలు డిఫిసిల్‌ను తట్టుకున్నవని 2015లో ప్రకటించారు. ఒక కదురు కాపలా ఉంటేగాని మరొక కదురు అదుపులో ఉండదు.

డిఫిసిల్ జబ్బుకు ఇచ్చే మందు కూడా ఆంటీబయాటిక్ కావడం ఇందులోని చిక్కు. మందు ఆపగానే, చావని సిద్ధబీజాలు ఖాళీగా ఉన్న ప్రేగులో మళ్ళీ మొలకెత్తుతవి. 1958లో అమెరికాలో డెన్వర్ నగరపు శస్త్రవైద్యుడు ఐజ్మన్ పొర కట్టే జబ్బుతో ఉన్న నలుగురు రోగులకు ఆరోగ్యవంతుల మలాన్ని నీటిలో కలిపి ప్రేగులోకి ఎక్కించి బతికించాడు. వినడానికి అసహ్యంగా ఉన్నా ఫలితం అబద్ధం కాదు. 2013లో నెదర్లండ్స్ వైద్యులు పోల్చి చూచిన ప్రయోగంలో, జబ్బు తిరగబెట్టిన 16 మందిలో 13 మందికి ఒక్కసారి ఎక్కించడంతోనే నయమైంది. మరో ఇద్దరికి రెండవసారి ఎక్కించగా తగ్గింది. వాంకోమైసిన్ అనే మందు మాత్రమే పుచ్చుకున్న 13 మందిలో నయమైనది నలుగురికి. ఇది ఆస్పత్రిలో, దాత మలాన్ని అనేక రోగాలకు పరీక్షించి చేయవలసిన చికిత్సయేగాని, ఇంటివైద్యం కాదు.

ఈ దృష్టితో చూస్తే, రెండు సార్లు విరేచనమైనంత మాత్రాన మందుల దుకాణానికి పోయి ‘ఏదో ఒక గొట్టం బిళ్ళ’ అడిగి పుచ్చుకోవడం ఎంత ఖరీదైన పనో తెలుస్తుంది. సామాన్యపు నీళ్ళ విరేచనాలు చాలవరకు వైరసుల వలన వచ్చేవి. వాటిమీద ఆంటీబయాటిక్ పనిచేయదు. అప్పుడు కావలసినది ఉప్పు, చక్కెర కలిపిన జీవజలం. వైద్యుని చీటీ లేనిదే కొన్ని ఆంటీబయాటిక్ మందులు అమ్మరాదని, అమ్మినదాని లెక్క దుకాణంలో ఉంచాలని 2014 మార్చి నుండి దేశంలో నిబంధన వచ్చింది. టైఫాయిడ్, న్యుమోనియా వంటి జబ్బులకు వైద్యుడు ఇచ్చిన మందును మధ్యలో మానరాదన్నది కూడా అంతే నిజం. క్లోస్ట్రీడియం బ్యుటిరికం అనే మంచి జాతిని 1933లో జపానులో మియైరి అనే వైద్యుడు వేరుచేశాడు. అటువంటి జాతులు గల గుళికలు మన దేశంలోనూ అమ్ముడుపోతున్నవి. అయితే వందలాది జాతులతో నిండిన ఊరు పాడుపడితే ఒక్క కుటుంబాన్ని తెచ్చి కాపురం పెట్టించినంత మాత్రాన అది పూర్వపు ఊరు కాజాలదు.

ఈ జీవులింకా చేరని ప్రేగు ఎట్లుంటుందో చూడాలంటే పసిబిడ్డను చూడాలి. మన ఇండ్లలో పురిటి బిడ్డ నాలుకకు తేనె రాసే ఆచారం ఉన్నది. తేనెలో ఒక్కొక్కప్పుడు క్లోస్ట్రీడియం బొట్యులినం సిద్ధబీజాలు ఉంటవి. పెద్దవారు అదే తేనె తిన్నా ఏమీ కాదు. పెద్ద ప్రేగులో స్థిరపడిన జాతులు ఆ బీజాలను మొలకెత్తనీయవు. నెలల బిడ్డ ప్రేగులో ఆ కాపలా లేదు. బీజం అక్కడనే మొలిచి విషాన్ని విడుస్తుంది. మొదట మలబద్ధకం, పిదప ఏడ్పు బలహీనం కావడం, మెడ నిలువకపోవడం, పాలు చప్పరించలేకపోవడం, చివరకు ఊపిరి అందకపోవడం జరుగవచ్చును. ఈ జబ్బును 1976లో అమెరికాలో మొదట గుర్తించారు. తేనెను వేడి చేసినంత మాత్రాన ఆ బీజాలు చావవు. కనుక ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్కయినా పెట్టరాదని వైద్యులు చెబుతారు. తల్లిపాలు తాగే కాలంలో బిడ్డ ప్రేగులో వేరే బాక్టీరియా ఎక్కువగా ఉంటవి. అన్నప్రాశన అయి అన్నం, పప్పు, కూర, పండు అలవాటైన కొద్దీ పీచును పులియబెట్టే క్లోస్ట్రీడియం గుంపులు ఒక్కొక్కటిగా వచ్చి చేరుతవి. రెండు మూడు ఏండ్లు వచ్చేసరికి బిడ్డ పెద్ద ప్రేగు పెద్దవారిదానికి దగ్గరగా వస్తుంది.